ఒక సంచి, ఒక నోట్‌బుక్కు



పోయిన వారం మా ఖాలా కూతురు ఫోన్ చేసింది. తనకి తలాక్ అయ్యి మూడేళ్ళు. ఇప్పుడొక రిష్తా వచ్చింది. మనిషి మంచివాడేనంట, నమాజీ అంట, ఇంట్లో అందరికీ నచ్చాడంట. కానీ ఈ పిల్లకి రాత్రులు నిద్ర పట్టడం లేదు.

"ఆపా, ఒక మాట అడుగుతా, గుస్సా కావద్దు. రెండో నిఖాకి ముందు నువ్వు దుల్హాభాయ్‌ని ఎట్లా నమ్మినావ్?"

"నమ్మలేదు" అన్నాను.

కాసేపు అటువైపు నుంచి మాట లేదు. "మరి?"

"నమ్మకుండానే చేసుకున్నా. ఆయన కూడా నన్ను నమ్మకుండానే చేసుకున్నారు."

ఇంతలో పొయ్యి మీద పాలు పొంగాయి, ఫోన్ పెట్టేశాను. ఫోన్‌లో చెప్పడానికి కుదరనిది ఇక్కడ రాస్తున్నాను. మా ఆయన ఇజాజత్ తీసుకునే రాస్తున్నాను. చదివి ఏమీ కొట్టెయ్యలేదు. ఒక్క చోట మాత్రం తప్పు దిద్దారు. అదేంటో చివర్లో చెబుతాను.

మొదటి నిఖా గురించి ఎక్కువ రాయను. ఆ ఇంట్లో కొట్టడాలు, తిట్టడాలు లేవు. అందుకే చుట్టాల్లో చాలామందికి నేనెందుకు వచ్చేశానో ఇప్పటికీ అర్థం కాదు. అక్కడ ఉండేవి అబద్ధాలు. నా నాలుగు తులాల గొలుసు లాకర్లో ఉందన్నారు, అది తాకట్టులో ఉండింది. రేషన్ కార్డు పని అని సంతకం పెట్టించుకున్నారు, అది నా పేరు మీద తీసిన అప్పు కాగితం. ఏదన్నా అడిగితే ఒకటే జవాబు: "నా మీద భరోసా లేదా?" ఆ మాట వినగానే నేనే తప్పు చేసినట్టు తల దించుకునేదాన్ని. ఐదేళ్ళు అట్లా గడిచాయి.

నేను ఒంటి మీది బట్టలతో బయటికొచ్చాను. నా సర్టిఫికెట్లన్నీ ఆ ఇంటి బీరువాలోనే ఉండిపోయాయి. ఎన్నిసార్లు కబురు పంపినా ఇవ్వలేదు. పదో తరగతి నుంచి బీఎడ్ దాకా డూప్లికేట్లు తెచ్చుకోవడానికి ఏడాది పైనే పట్టింది. పోలీస్ స్టేషన్‌లో కాగితం, నోటరీ, చలానాలు, ఒక్కో ఆఫీసుకి మూడేసి సార్లు తిరగడం. అబ్బా రిటైరైన మనిషి, నా వెంట ఎండలో తిరిగారు. ఒకసారి ఆఫీసు బయట చెట్టు కింద కూర్చొని, "బేటీ, నేను చూసి చేసిన రిష్తానే కదా" అన్నారు. ఆ ఒక్క మాట నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ పెట్టింది.

2017 జులైలో ఖులా తీసుకున్నాను. ఖులా అంటే భార్య తనంతట తాను విడుదల కోరుకోవడం. హుజూర్ కాలంలోనే సాబిత్ బిన్ ఖైస్ గారి భార్య వచ్చి ఆయనతో ఉండలేనని చెప్పుకున్నారు, మెహర్‌గా తీసుకున్న తోట తిరిగిచ్చి విడిపోయారు. నేను తిరిగివ్వడానికి ఏమీ లేదు. నా మెహర్ ఎప్పుడూ నా చేతికి రాలేదు కాబట్టి మాఫ్ చేశానని రాసిచ్చాను. సరిగ్గా ఆ తర్వాతి నెల, ఆగస్టు 22న, సుప్రీం కోర్టు ఒక్కసారే మూడు తలాక్‌లు చెప్పడం చెల్లదని తీర్పిచ్చింది. ఐదుగురు జడ్జీల్లో ముగ్గురిది ఆ మాట. టీవీల్లో రోజంతా అదే. మా వీధిలో వాళ్ళంతా నన్ను చూసి, "నీకు కూడా ఫోన్‌లోనే చెప్పాడా?" అని అడిగేవాళ్ళు. "చెప్పింది ఆయన కాదు, అడిగింది నేను" అంటే నమ్మేవాళ్ళు కాదు. ఆడది అడిగి బయటికి రావడం అనేది వాళ్ళ లెక్కలో లేదు.

డూప్లికేట్ సర్టిఫికెట్లు చేతికొచ్చిన రోజు ఒక నల్ల రెగ్జిన్ సంచి కొన్నాను. సర్టిఫికెట్లు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఖులా కాగితం, ఒక జత బట్టలు, 3,000 రూపాయలు అందులో పెట్టాను. ఏ రాత్రయినా సరే, ఆ ఒక్క సంచి పట్టుకుంటే వెళ్ళిపోవచ్చు. సొంత అమ్మీ ఇంట్లో ఉంటూ కూడా దాన్ని మంచం కింద పెట్టుకునేదాన్ని. ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరుగా చేరాను. మూడేళ్ళు అట్లా వెళ్ళిపోయాయి.

2020 ఆఖర్లో ఈ రిష్తా వచ్చింది. ఆయనకి కడపలో మోటార్ వైండింగ్ షాపు. బోరు మోటార్లు కాలిపోతే రైతులు తెస్తారు, మళ్ళీ చుట్టిస్తారు. వయసు నలభై ఒకటి. నాకు ముప్పై నాలుగు. భాయి ఇంట్లో చూపులు. పక్క గదిలో భాయి, భాభీ, మధ్యలో తలుపు తీసే ఉంది. చాయ్ చల్లారిపోతా ఉంది. ఆయన తల ఎత్తకుండానే అన్నారు:

"నన్ను నమ్మమని నేను అడగను. మీరు నమ్మినా, నేను మిమ్మల్ని నమ్మడానికి టైం పడుతుంది. ముందే చెప్పడం మంచిదని చెబుతున్నా."

పక్క గదిలో భాభీ నెత్తి కొట్టుకోవడం నాకు వినిపించింది. నాకు మాత్రం చాలా ఏళ్ళ తర్వాత ఒక మగమనిషి నా ముందు నిజం చెప్పినట్టనిపించింది.

ఆయన కథ ఇది. మొదటి భార్య వెళ్ళిపోయారు. వాళ్ళవైపు నుంచి కేసు పడింది. ఎనిమిది తులాల బంగారం ఈయనే ఉంచుకున్నాడని అందులో రాశారు. తిరిగిచ్చేశానని ఈయన మాట. ఇచ్చినట్టు కాగితం లేదు, గవాహ్ లేరు. షాపు మూసుకొని నాలుగేళ్ళు కోర్టు మెట్లెక్కారు. చివరికి పెద్దల మధ్య రాజీ అయ్యి, ఇద్దరూ ఒప్పుకొని విడిపోయారు. ఆమె వైపు కథ నాకు తెలీదు. నా కథ ఆ మనిషిని అడిగితే వేరేగా చెబుతాడు కదా. అందుకే ఆమె గురించి నేనెప్పుడూ ఒక మాట అనను, ఆయన్నీ అననివ్వను.

నిఖానామా రాసేటప్పుడు గొడవైంది. మన ఇళ్ళల్లో మెహర్ సంగతి మీకు తెలుసు. కాగితం మీద ఒక అంకె రాస్తారు, తర్వాత ఎవరూ ఎత్తరు. మనిషి పోయాక జనాజా లేచే ముందు భార్య దగ్గరికొచ్చి, "మెహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా" అంటారు. ఏడుస్తున్న మనిషి చెప్పక ఏం చేస్తుంది? మెహర్‌లో ముఅజ్జల్ అంటే వెంటనే ఇచ్చేది, మువజ్జల్ అంటే తర్వాత ఇచ్చేది. పలకడంలో ఇంత దగ్గర, బతుకులో అంత దూరం. నాకు ముఅజ్జల్ కావాలన్నాను, 50,000, నిఖా రోజే, నా చేతికి.

ఇంకా మూడు షర్తులు అడిగాను. నా ఉద్యోగం మానిపించకూడదు. నా సర్టిఫికెట్లు నా దగ్గరే ఉండాలి. నా పేరు మీద నాకు తెలీకుండా అప్పు చెయ్యకూడదు. వీటిలో ఏది తప్పినా తలాక్ హక్కు నాకు ఉండాలి. దాన్ని తఫ్వీజ్ అంటారు. భర్త తన హక్కుని నిఖానామాలోనే భార్యకి అప్పగించడం. మా మామూ లేచి నిలబడి, "ఇది నిఖానా, ఇల్లు కిరాయికిచ్చే అగ్రిమెంటా? నిఖా రోజే తలాక్ మాటా?" అన్నారు. ఖాజీ సాబ్ మాత్రం నెమ్మదిగా, "షర్తులు రాసుకోవడం మన దగ్గర ఉన్నదే సాబ్, మనమే మర్చిపోయాం" అన్నారు.

పెళ్ళికొడుకు ఏమంటాడో అని అందరూ ఆయన వైపు చూశారు. ఆయన పెన్ను అడిగి తీసుకొని, "నాది కూడా ఒకటుంది. ఇటు నుంచి వచ్చే బంగారం, అటు నుంచి పెట్టే బంగారం లిస్టు రాసి ఇద్దరం సంతకం పెడదాం" అన్నారు. ఈసారి మా వైపు వాళ్ళకి కోపం వచ్చింది. నాకు రాలేదు. ఖురాన్ మొత్తంలో అన్నిటికన్నా పొడవైన ఆయత్ సూరె బఖరాలోని 282వది. అది దేని గురించో తెలుసా? అప్పు ఇచ్చి పుచ్చుకునేటప్పుడు రాసుకోండి, గవాహులని పెట్టుకోండి అనే సంగతి గురించి. ఒకరినొకరు ఈమాన్‌వాళ్ళమని అనుకునే మనుషులకే రాసుకోమని హుకుం. రాసుకోవడం బద్‌గుమానీ అయితే అంత పొడవు ఆయత్ దాని మీద ఎందుకొస్తుంది?

అట్లా 2021 జనవరిలో మా నిఖా అయింది. కరోనా రోజులు కాబట్టి వలీమాకి యాభై మంది కూడా లేరు.

మొహబ్బత్ ఎప్పుడు మొదలైందని అడిగితే తేదీ చెప్పలేను. ఆయన రోజూ సాయంత్రం ఫోన్ చేసేవారు. "మోటార్ టెస్టింగ్‌కి పెట్టినా, అర్ధగంట పడుతుంది." వెనకాల మోటార్ గుయ్‌మని వినిపించేది. నేను అడిగేదాన్ని కాదు, ఆయనే చెప్పేవారు. ఆ అర్ధగంట ఎప్పుడూ గంట కాలేదు. అయినా నా షక్ పోలేదు. ఒకరోజు టిఫిన్ డబ్బా పట్టుకొని చెప్పకుండా షాపుకి వెళ్ళాను. వార్నిష్ అంటిన నల్లటి చేతులతో ఆయన కింద కూర్చొని వైరు చుట్లు లెక్కపెడుతున్నారు. నన్ను చూసి లెక్క తప్పారు. మళ్ళీ మొదటి నుంచి పీకి చుట్టాల్సొచ్చింది. అయినా నవ్వి, "ఖానా తెచ్చినావా" అన్నారు. సిగ్గుతో నా ముఖం కాలిపోయింది. ఆదివారం సాయంత్రాలు బండి మీద పాలకొండల వైపు వెళ్ళేవాళ్ళం. ఎక్కడో ఒకచోట ఆగి చాయ్ తాగి వచ్చేవాళ్ళం. ఎక్కువ మాటలు ఉండేవి కాదు. ఆ చాయ్ కోసం నేను శనివారం నుంచే ఎదురుచూస్తున్నానని ఒకరోజు నాకే తెలిసింది, భయం కూడా వేసింది.

ఆ ఏడాది రంజాన్ ఈద్ మే 14న. కరోనా రెండో దెబ్బ మీద ఉంది, ఈద్ నమాజ్ ఇంట్లోనే చదువుకున్నాం. షీర్‌ఖుర్మా తాగాక ఆయన నాకు 2,000 ఈదీ ఇచ్చారు. చిన్నపిల్లలా మురిసిపోయాను. నెల తర్వాత కరెంటు బిల్లు వెతుకుతుంటే ఆయన డ్రాయర్లో ఒక లాంగ్ నోట్‌బుక్కు దొరికింది. తెరిస్తే గుండ్రటి చేతిరాతలో లెక్కలు.

"ముక్కుపుడక, 1.2 గ్రా., బిల్లు ఉంది."

"చెప్పులు, 450."

"14-5-2021. ఈదీ, 2,000, నగదు. గవాహ్: అమ్మీ."

గవాహ్ అమ్మీ! నాకు ఈదీ ఇస్తూ వాళ్ళ అమ్మీని పక్కన కూర్చోబెట్టుకున్నది అందుకన్నమాట. చేతులు వణికాయి. ఆయన ఇంటికి రాగానే నోట్‌బుక్కు ముందు పెట్టాను.

"నేనేమన్నా ముద్దాయినా?"

"కాదు. నేనొకసారి అయినా" అన్నారు. అంతే. ఇంకేమీ అనలేదు. నోట్‌బుక్కు తీసుకొని మళ్ళీ డ్రాయర్లో పెట్టేశారు.

తొమ్మిది రోజులు మా మధ్య మాటల్లేవు. ఉప్పు, నీళ్ళు, తలుపు గడియ, ఇంత వరకే. మా సాస్ ఇద్దరి ముఖాలూ చూసి తస్బీ తిప్పుకుంటూ కూర్చునేవారు. నాలుగో రోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేను స్టూలు ఎక్కి, బీరువా మీద సూట్‌కేసు వెనకాల దాచిన నా నల్ల సంచి దించాను. సర్టిఫికెట్లు చూసుకున్నాను. మూడు వేలు లెక్కపెట్టుకున్నాను. మళ్ళీ అక్కడే పెట్టేశాను. అప్పుడైనా నాకు తట్టాల్సింది. తట్టలేదు. ఆయన నోట్‌బుక్కు నాకు నేరంలా కనిపించింది, నా సంచి మాత్రం తెలివిలా కనిపించింది.

తర్వాత మాటలు కలిశాయి, ఎట్లా కలిశాయో గుర్తు లేదు. కానీ ఆ ఈదీ ముల్లు నాలో ఉండిపోయింది.

2021 నవంబర్ వానలు మన జిల్లావాళ్ళు మర్చిపోరు. 19వ తారీఖు అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఒడ్డున ఊళ్ళు కొట్టుకుపోయాయి. ఇక్కడ కడపలో కూడా రాత్రీ పగలూ వానే. స్కూళ్ళకి సెలవు. మాది పాత మిద్దె, నాలుగు చోట్ల కారడం మొదలైంది. తపేలాలు, బకెట్లు పెట్టాం. బియ్యం బస్తా పక్కకి జరిపాం. సాస్ మంచం మార్చాం. ఫజర్ దాకా ఎవరికీ నిద్ర లేదు.

పొద్దున కొంచెం తెరిపిచ్చాక పైకి చూశాను. సరిగ్గా బీరువా మీదే పెద్ద ధార. నా గుండె ఆగిపోయింది. స్టూలు ఎక్కాను. సూట్‌కేసు తడిసి ముద్దయింది. దాని వెనకాల సంచి లేదు.

పాత భయమంతా ఒక్క నిమిషంలో తిరిగొచ్చింది. తీసేశాడు. దాచేశాడు. అందరూ ఒకటే. స్టూలు మీదే నిలబడి ఏడ్చేశాను. తర్వాత బీరువా తెరిచాను. కింది అరలో, నా చీరల కింద, సంచి ఉంది. వైండింగ్ వైరుకి వచ్చే మందపాటి పాలిథిన్‌లో చుట్టి ఉంది. పైన కాయిల్స్‌కి చుట్టే తెల్ల నూలు టేపుతో కట్టు. ఆ ముడి ఎవరిదో నాకు తెలుసు. విప్పి చూశాను. ఒక్క కాగితం తడవలేదు. మూడు వేలు మూడు వేలే ఉన్నాయి.

ఆయన వంటింట్లో బకెట్ వంచుతున్నారు. వెళ్ళి వెనకాల నిలబడ్డాను.

"సంచి సంగతి మీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"చానా రోజులయింది."

"ఎందుకడగలేదు? నన్ను వదిలి పోవడానికి సంచి సర్దుకున్నావా అని ఎందుకడగలేదు?"

ఆయన బకెట్ కింద పెట్టి చేతులు తుడుచుకున్నారు. "నీ అమానత్ అది. మా ఇంట్లో ఉంది. తడవకుండా చూడాల్సింది నేనే కదా."

అమానత్ అంటే మీకు చెప్పక్కర్లేదు. మన ఇంట్లో ఉన్నా మనది కానిది, పోకుండా కాపాడి అడిగినప్పుడు తిరిగివ్వాల్సింది. నేను ఆయన్ని విడిచి వెళ్ళే దారిని ఆయన వానలో తడవకుండా కాపాడారు. ఆ మాటకి నేనేం జవాబు చెప్పాలి?

జవాబు చెప్పలేదు. డ్రాయర్ తీసి నోట్‌బుక్కు తెచ్చాను. చాప మీద కూర్చొని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. ముక్కుపుడక పక్కన "ముట్టింది" అని రాసి సంతకం పెట్టాను. చెప్పుల పక్కన పెట్టాను. 14-5-2021 దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అక్కడా పెట్టాను. మొత్తం పదిహేడు సంతకాలు. ఆయన పక్కన కూర్చొని చూస్తున్నారు. చివరి సంతకం అయ్యాక కళ్ళు తుడుచుకుంటూ చెప్పారు, "మోటార్ కాలిపోతే పాత వైరు పీకే ముందు ఎన్ని చుట్లున్నాయో, ఏ గేజో రాసుకోవాల. రాసుకోకుండా పీకినోడు మళ్ళీ చుట్టలేడు. నాకు అదే అలవాటైపోయింది. నీ మీద అనుమానం అని కాదు."

"అనుమానమే. కొంచెం ఉంది. పర్వాలేదు, ఉండనీ. నాకూ ఉంది" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. మిద్దె ఇంకా కారుతూనే ఉంది.

ఆ రోజుతో అంతా బాగైపోయిందని రాస్తే అబద్ధం అవుతుంది. 2023 ఎండాకాలంలో ఒక రాత్రి ఆయన మూడు గంటలు ఫోన్ ఎత్తలేదు. ఏదో పల్లెలో బోరు దగ్గరికి వెళ్ళారు, అక్కడ సిగ్నల్ లేదు. నేను సంచి దించి డబ్బులు లెక్కపెట్టుకున్నాను. తేడా ఒక్కటే, ఆయన వచ్చాక ఆ సంగతి చెప్పేశాను.

"ఏజీ, ఇవాళ సంచి దించినా."

ఆయన అన్నం కలుపుతూ, "ఎంతున్నాయి అందులో?" అన్నారు.

"మూడు వేలు."

"ఇప్పటి ధరల్లో ఏం సరిపోతాయి?"

మర్నాడు నోట్‌బుక్కులో ఒక లైను: "సంచికి, 2,000." పక్కన నేను సంతకం పెట్టాను, "ముట్టింది."

ఇప్పుడు ఆ నోట్‌బుక్కులో లెక్కలు బాగా తగ్గిపోయాయి. కొన్ని నెలలు ఖాళీగానే ఉంటాయి. ఉన్నవి కూడా వేళాకోళంగా ఉంటాయి: "గాజులు, 2 డజన్లు, ఒకటి ఇంటికి రాకముందే పగిలింది." కానీ పోయిన ఏడాది ఉంగరం కొన్నప్పుడు మాత్రం గ్రాములతో సహా శ్రద్ధగా రాశారు. నేనూ శ్రద్ధగా సంతకం పెట్టాను. సంచి బీరువా కింది అరలోనే ఉంది. పాలిథిన్ కవరు కూడా తియ్యలేదు.

చెల్లీ, నువ్వు అడిగినదానికి నా జవాబు ఇది. నిఖాకి ముందే ఎత్బార్ రావాలని కూర్చుంటే రాదు. నీ షర్తులు రాయించుకో, ముఅజ్జల్ మెహర్ అడుగు, నీ కాగితాలు నీ దగ్గర పెట్టుకో. అవతలి మనిషి దానికి ముఖం చిట్లిస్తే ఒక లెక్క, పెన్ను అడిగితే ఇంకో లెక్క. నీకు తెలిసిపోతుంది. అట్లాగే ఆయనకీ ఏదో ఒక భయం ఉంటుంది, దాన్ని పారేసి రమ్మని అనొద్దు. నీ సంచి నీకు ఎంత అవసరమో ఆయన నోట్‌బుక్కు ఆయనకి అంత అవసరం. "నా మీద భరోసా లేదా" అని మాత్రం నువ్వు అడగొద్దు, ఆయన్నీ అడగనివ్వొద్దు. ఆ మాట అడిగి భరోసా తెచ్చుకున్నవాళ్ళని నేనింతవరకూ చూడలేదు.

ఇక ఆయన దిద్దిన తప్పు. బక్రీద్‌కి ఇల్లు సర్దుతున్నప్పుడు ఆయన సంచిని చూసి ఉంటారని నేను రాశాను. అంటే నిఖా అయిన ఆరు నెలలకి. ఆయన ఆ లైను మీద వేలు పెట్టి, "ఇది తప్పు" అన్నారు.

"మరెప్పుడు?"

"నిఖా అయిన పదకొండో రోజు. బల్బు మార్చడానికి స్టూలు ఎక్కినా."

అంటే నేను టిఫిన్ డబ్బాతో తనిఖీకి వెళ్ళిన రోజు ఆయనకి తెలుసు. నోట్‌బుక్కు ముందు పెట్టి "నేను ముద్దాయినా" అని అరిచిన రోజు కూడా తెలుసు. ఆ తొమ్మిది రోజులూ తెలుసు. ఒక్కసారైనా "నీ సంచి సంగతేంటి" అని తిరిగి అనలేదు.

నేను లైను దిద్దాను. మీ దువాల్లో మా ఇద్దర్నీ, ఆ పిల్లనీ యాద్ ఉంచుకోండి. ఖుదా హాఫిజ్.